నాలీ లోపలి గీతలు

పాత రైఫిల్ ఖరీదు చేయబోయేవాడు తజుర్బా ఉన్నవాడైతే ముందు చెక్క మీది పాలిష్ చూడడు. లోపల తూటా లేదని రెండుసార్లు తేల్చుకుని, బోల్టు తీసి, నాలీని వెలుతురు వైపు పట్టుకుని లోపలికి చూస్తాడు. మెలి తిరుగుతూ పోయే గీతలు కనబడాలి. వాటి అంచులు పదునుగా ఉంటే నాలీ ఇంకా జవానే. గీతలు అరిగి, మధ్యమధ్య నల్లటి గుంటలు పడి ఉంటే పాత మాలిక్ దాన్ని సరిగ్గా కడగలేదన్నమాట. పాతకాలపు తూటాలు పేలాక నాలీలో ఉప్పు మిగిలేది. అది గాలిలో తేమను పీల్చి ఇనుమును తినేస్తుంది. భీమిలి, కళింగపట్నం గాలికి ఇంక చెప్పాలా! అందుకే ఆనాటి సిపాయిలు నాలీలను వేడినీళ్లతో కడిగేవారు.

సెమీ ఆటోమేటిక్ అయితే తహ్‌కీకాత్ అక్కడితో ముగియదు. చాలా రైఫిళ్లలో, పేలిన తూటా గ్యాసే పిస్టన్‌ను తన్ని, ఖాళీ తొడుగును బయట పారేసి, మరో తూటాను లోపలికి ఎక్కిస్తుంది. కనుక పిస్టన్ మీద మసి, గ్యాసు రంధ్రం అరుగుదల, స్ప్రింగుల సత్తువ చూడాలి. ఖాళీ తుపాకీ ట్రిగ్గర్ నొక్కి పట్టుకుని బోల్టును వెనక్కి లాగి వదిలితే సుత్తి ఆగిపోవాలి. ఆగకుండా పడిందా, ఒక్క నొక్కుకు రెండు పేలే ప్రమాదం ఉంది. ఎంత సస్తాగా ఇచ్చినా వద్దనాల్సిందే. చివరికి బాడీ మీది నంబరూ, బోల్టు మీది నంబరూ, కాగజ్ మీది నంబరూ కలవాలి.

ఇంత రాశాను గానీ, శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో మామూలు మనిషికి ఈ సెమీ ఆటోమేటిక్ పరీక్ష చేసే నసీబు లేదు. అలాంటి రైఫిల్ కలెక్టర్ ఇచ్చే లైసెన్సుతో రాదు, కేంద్ర హోం శాఖ ఇజాజత్ కావాలి. దీని వెనకున్న తారీఖ్ మాత్రం మన గడ్డ మీదుగానే నడిచింది.

ఈ మాటలే చూడండి. 'తుపాకి' తుర్కీ నుంచి వచ్చింది. 'ఫిరంగి' అంటే ఫిరంగీవాళ్ల సామాను. ఇక తెలుగులో మందు అంటే ఔషధం, సారా, తుపాకీలో కూరే పొడి, మూడూను. ఉర్దూలో దారూకీ సరిగ్గా ఆ మూడే అర్థాలు. ఉర్దూ మీడియంలో చదివి తెలుగు డిగ్రీలోకి వచ్చినప్పుడు నేను ముందుగా దోస్తీ చేసిన మాటల్లో ఇదొకటి.

శ్రీకాకుళం 'చికాకోల్' పేరుతో ఫౌజ్‌దార్ల సదర్ ముకాంగా ఉన్న రోజుల్లో బందూకుల దగ్గర పెద్ద తేడాలుండేవి కావు. 1757 జనవరి 24న బొబ్బిలి కోటను బుస్సీ ఫౌజు చుట్టుముట్టినప్పుడు కోటను కూల్చింది ఫిరంగులు. సిపాయిల చేతుల్లోని బందూకుల నాలీలు మాత్రం ఇటూ అటూ దాదాపు నున్ననివే. 1794 జూలై 10న పద్మనాభం దగ్గర విజయరామరాజును కంపెనీ ఫౌజు చంపినప్పుడూ అంతే. తేడా కవాతులో ఉంది, ఖజానాలో ఉంది.

తేడా నాలీలోకి దిగింది 1857 తర్వాత. ఎన్‌ఫీల్డ్ తూటాలకు పూసిన కొవ్వు కథ అందరికీ తెలుసు. ఆ ఎన్‌ఫీల్డ్ నాలీలో మూడు గీతలుండేవి. గదర్ అణిగాక, హిందుస్తానీ సిపాయిల కోసం అదే బందూకును గీతల్లేకుండా, నున్నటి నాలీతో తయారు చేయించారు. చూడ్డానికి అదే తుపాకి, గురి మాత్రం సగం దూరానికే చెదిరిపోతుంది. గోరా సిపాయికి కొత్త తరం ఆయుధం, దేశీ సిపాయికి వాళ్లు వదిలేసిన పాతది అనే రివాజు ఆ తర్వాత దశాబ్దాలపాటు నడిచింది. పోలీసులకు, జైలు గార్డులకు ఇచ్చిన .410 మస్కెట్ కూడా ఆ కోవలోదే. పైకి లీ-ఎన్‌ఫీల్డ్, లోపల గీతలుండవు, ఒకసారికి ఒకే తూటా. 1878 ఆయుధాల చట్టమైతే దేశీ మనిషిని లైసెన్సు అడిగి, యూరోపియన్‌ను వదిలేసింది. ఫౌజు వాడే .303 తూటా ప్రజల చేతికి పోకూడదని విలాయత్ కంపెనీలు హిందుస్తాన్ కోసం .315 రైఫిళ్లు చేశాయి. నేటికీ ఇషాపూర్ ఫ్యాక్టరీ పౌరులకు అమ్ముతున్నది ఆ .315నే.

ఈ పద్ధతికి ఎదురు తిరిగినవాళ్లు పాత తుపాకీలను ఎలా 'ఖరీదు' చేశారో 1922 చెబుతుంది. అప్పటి విశాఖ, గోదావరి ఏజెన్సీలో అల్లూరి సీతారామరాజు దళం ఆగస్టు 22, 23, 24 తేదీల్లో వరసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద పడింది. 26 తుపాకులు, సుమారు 2,500 తూటాలు దొరికాయి. ఏమేం తీసుకున్నదీ రాజు అక్కడే రాసి సంతకం పెట్టడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. చోరీ కాదు, రసీదు! తర్వాత సర్కారు స్టేషన్లలోని ఆయుధాలను ముందే తరలించేసింది. తుపాకి దొరికితే సరిపోదు, దానికి సరిపడే తూటా నిత్యం రావాలి.

శ్రీకాకుళం గిరిజనులకు ఆ పాటి తుపాకులూ లేవు. 1967 అక్టోబర్ 31న మొండెంఖల్ సభకు పోతున్న వాళ్ల మీద లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్పులు జరిపితే కోరన్న, మంగన్న చనిపోయారు. మరుసటి ఏడాది నిందితులు నిర్దోషులుగా బయటికొచ్చారు. ఆ ఇన్సాఫ్ చూశాకే కొండల్లో బరిసెలు, విల్లంబుల పక్కకు నాటు తుపాకులు చేరాయి.

సెమీ ఆటోమేటిక్ మన వైపు వచ్చింది ఎస్ఎల్ఆర్ రూపంలో. 1962 చైనా జంగ్‌లో మన ఫౌజు చేతిలో .303 బోల్టు రైఫిలే ఉంది. ఆ తర్వాతే ఇషాపూర్‌లో 7.62 ఎస్ఎల్ఆర్ తయారీ ఊపందుకుంది. ఫౌజుకు ఇన్సాస్ వచ్చాక ఎస్ఎల్ఆర్ పోలీసు దళాల్లో మిగిలింది. అంటే ఇదీ సెకండ్ హ్యాండ్ మాలే. 2004 ఫిబ్రవరి 6న సాలూరు ఘాట్‌కు అవతల కోరాపుట్ ఆయుధాగారాన్ని మావోయిస్టులు దోచినప్పుడు వందల ఆయుధాలు ఒక్క రాత్రిలో చేతులు మారాయి.

చట్టప్రకారం చేతులు మారడం వేరే సంగతి. 1959 చట్టం కింద లైసెన్సుదారు తన తుపాకిని మరో లైసెన్సుదారుకు అమ్మాలంటే మేజిస్ట్రేట్‌కో స్టేషన్‌కో రాసిచ్చి 45 రోజులు ఆగాలి. 2019 సవరణ తర్వాత మనిషికి రెండే తుపాకులు, అంతకుముందు మూడు. కొనేవాళ్లకు నా సలహా ఒకటే: ఎన్నికలప్పుడు స్టేషన్‌లో డిపాజిట్ చేసిన తుపాకులు నెలల తరబడి నూనె చుక్క లేకుండా పడి ఉంటాయి, కనుక డిపాజిట్ నుంచి తెచ్చినదానిలోకి ఒకసారి ఎక్కువ గౌర్‌గా చూడండి.

గీతల లెక్క ఆ చట్టంలోనూ ఉంది. నున్నటి నాలీ ఉన్న తుపాకికి ఆత్మరక్షణో వేటో కారణంగా చాలు, పంట కాపలాకు మందు కూరే తుపాకీ కూడా ఇవ్వొచ్చు. గీతలున్న నాలీకి మాత్రం బలమైన కారణం చూపాలి. కొడగులో కొడవలకు అసలు లైసెన్సే అక్కర్లేదు. తెల్లదొరలు ఇచ్చిన ఆ మినహాయింపును 2029 అక్టోబర్ 31 దాకా పొడిగించారు. సీతంపేట కొండ మీద సవర రైతు పోడులోకి అడవిపంది దిగితే, ఆ నున్నటి నాటు తుపాకీకైనా అతను దరఖాస్తు పట్టుకుని కొండ దిగాల్సిందే.