మాల్కమ్ (పేరు)

మాల్కమ్ స్కాట్లాండ్‌కు చెందిన పురుషుల పేరు. గేలిక్ భాషలోని 'మేల్ కొలుమ్' దీనికి మూలం; 'కొలంబా భక్తుడు' అని అర్థం. 'మేల్' అంటే మొదట బోడితల. తల గొరిగించుకున్న క్రైస్తవ సన్యాసులను బట్టి ఆ మాటకు సేవకుడు, భక్తుడు అనే అర్థం స్థిరపడింది. మన రామదాసు కోవలోని పేరే ఇది. ఐర్లండ్‌లో పుట్టిన కొలంబా 563లో స్కాట్లాండ్ పశ్చిమాన అయోనా దీవికి చేరి మఠం స్థాపించాడు. 597లో అక్కడే మరణించాడు.

ఈ పేరుగల నలుగురు రాజులు స్కాట్లాండ్‌ను ఏలారు. వారిలో ప్రసిద్ధుడు మూడో మాల్కమ్ (పాలన 1058–1093). షేక్‌స్పియర్ 'మాక్‌బెత్' నాటకంలోని రాకుమారుడు ఇతడే. అయితే ఆ నాటకాన్ని చరిత్రగా చదవకూడదు. అందులో ఇతని తండ్రి డంకన్ నిద్రలో హత్యకు గురవుతాడు. నిజానికి 1040లో మాక్‌బెత్ సేనలతో పోరాడుతూ చనిపోయాడు. 1057లో మాల్కమ్ మాక్‌బెత్‌ను ఓడించి చంపించాడు.

ఇది ఇంటిపేరుగానూ ఉంది. 1798లో హైదరాబాదు రెసిడెంటుకు సహాయకుడిగా నియమితుడైన జాన్ మాల్కమ్ స్కాట్లాండ్ వాడే. తర్వాత ఈ పేరు అట్లాంటిక్ దాటింది: అమెరికా నల్లజాతి నాయకుడు మాల్కమ్ ఎక్స్, బార్బడోస్ ఫాస్ట్ బౌలర్ మాల్కమ్ మార్షల్ దీన్ని ధరించినవారే.