తాళం లేని పుస్తకాల మూల: మన బడుల్లోకి పుస్తకం వచ్చిన కథ



మొన్న గ్రూపులో ఒక అక్క అడిగింది, సెలవుల్లో ఊరికి పోయినప్పుడు మన బడి పిల్లలకు తరగతి గదిలోనే చిన్న లైబ్రరీ పెడదామా, ఏ పుస్తకాలు కొనాలి అని. లిస్టు రాసే ముందు ఒక సంగతి చూద్దాం. మన పిల్లల దగ్గరికి పుస్తకం ఇంతకుముందు ఎట్లా వచ్చింది? డిగ్రీలో హిస్టరీ తీసుకున్నాక నేను చదివింది ఇక్కడ పెడుతున్నా. కొంచెం పొడుగు పోస్టు, ఓపికగా చదవండి.

గిడుగు రామమూర్తి పంతులు గారిని వ్యావహారిక భాష కోసం పోరాడిన మనిషిగా పాఠంలో చదివాం. ఆయన పర్లాకిమిడిలో టీచరు. చుట్టుపక్కల కొండల మీద సవరలు ఉండేవారు. వాళ్ల పిల్లలకు చదువు చెప్పాలంటే ముందు వాళ్ల మాట తనకు రావాలనుకున్నాడు. తెలుగు తెలిసిన ఒక సవర మనిషి దగ్గర ఆ భాష నేర్చుకున్నాడు. ఆ తర్వాతే సవరలో వాచకాలు రాశాడు, సొంత డబ్బుతో బడులు నడిపాడు. అంటే మొదట వినడం, తర్వాత పుస్తకం.

అదే కాలంలో కోస్తాలో గ్రంథాలయోద్యమం నడిచింది. 1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య వంటి వాళ్లు ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పెట్టారు. 1935లో గుంటూరు జిల్లా కాలువల మీద పాతూరి నాగభూషణం పూనికతో పడవలో పుస్తకాలు ఊరూరా తిరిగాయి. చదివేవాడు రాలేకపోతే పుస్తకమే పోవాలి అన్నది వాళ్ల లెక్క. 1931లో ఎస్.ఆర్. రంగనాథన్ రాసిన అయిదు గ్రంథాలయ సూత్రాల్లో మొదటిది కూడా అదే దారి: పుస్తకాలు ఉన్నది వాడుకోవడానికి.

ఇక మన దగ్గరికి వద్దాం. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం అమరుడయ్యాక నిజాం ప్రభుత్వం గోండుల పరిస్థితి చూడమని హైమన్‌డార్ఫ్‌ను పంపింది. 1943లో మార్లవాయిలో గోండు యువకులకు టీచర్ ట్రైనింగ్ మొదలైంది. మన వాళ్లలో కొద్దిమందికి మరాఠీ చదవడం వచ్చు కాబట్టి గోండీ వాచకాలు దేవనాగరి అక్షరాల్లో అచ్చయ్యాయి. పాఠం చెప్పేది గోండు, పాఠం గోండీలో. మన తాతల కాలంలోనే ఇది జరిగిందంటే నాకు చాలాసేపు నమ్మబుద్ధి కాలేదు.

కానీ అది నిలవలేదు. ప్రభుత్వాలు మారాయి, బడి భాష తెలుగు అయింది, ఆ వాచకాలు పక్కకు పోయాయి. 2000 తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గోండీ, కోయ, కొలామీ, సవర లాంటి ఎనిమిది భాషల్లో తెలుగు లిపితో మళ్లీ పుస్తకాలు వచ్చాయి. నేను చదివిన బడిలో అవి నా చేతికి రాలేదు. అక్కడ ఒక ఇనుప బీరువా ఉండేది, లోపల కథల పుస్తకాలు. తాళం ఒకరి దగ్గర, చినిగితే ఫైన్. అయిదేళ్లు అద్దంలోంచి అట్టలు చూసినం. పై నుంచి వచ్చిన పుస్తకం పై ఆర్డరుతోనే పోతుంది, లేదా బీరువాలో ఉండిపోతుంది. ఈ చరిత్రలో నాకు అర్థమైంది ఇదే.

మరి మనం పెట్టే మూల ఎట్లుండాలి?

ఒకటి, బీరువా వద్దు. గోడకు రెండు మేకులు కొట్టి తాడు కట్టి, పుస్తకాలు అట్ట కనబడేటట్టు వేలాడదీయాలి. ఒకటో తరగతి పిల్ల చెయ్యి చాపితే అందాలి. కింద ఒక చాప చాలు.

రెండు, రిజిస్టరు పిల్లల చేతికే ఇవ్వాలి. వారానికి ఇద్దరు చూసుకుంటారు. పుస్తకం ఇంటికి పోవాలి. చినిగిందంటే ఎవరో చదివారని అర్థం. జిగురు పెట్టి అతికిద్దాం.

మూడు, కొన్న వాటి పక్కన మనం చేసినవి ఉండాలి. అవ్వ దగ్గర కూర్చొని కథ విని, గోండీలోనే తెలుగు అక్షరాలతో పెద్దగా రాసి, బొమ్మలు పిల్లలతోనే వేయించాలి. పది పేజీలు కుడితే పుస్తకమే. కోయ, కొలామీ తమ్ముళ్లు చెల్లెళ్లు వాళ్ల భాషలో చేయాలి.

గోండీ పుస్తకం పెడితే పిల్లలు తెలుగులో వెనకబడతారని కొందరు అంటారు. ఇంటి మాట కాగితం మీద చదవగలిగిన పిల్లకు పక్కనున్న తెలుగు కథ తెరవడానికి భయం ఉండదు. రెండూ ఒకే తాడు మీద వేలాడాలి.

మనకు రాత లేదు అనే మాట కూడా ఇంక వద్దు. నార్నూర్ మండలం గుంజాలలో పాత గోండీ రాతప్రతులు దొరికాయి. ఆ లిపి 2018లో యూనికోడ్‌లోకి కూడా చేరింది. ఆ కాగితాలను అన్నేళ్లు దాచింది ఏ ఆఫీసూ కాదు, ఆ ఊరి ఇండ్లే.

ఎవరి ఊళ్లో పెడతారో కింద రాయండి. పోయే ముందు ఒక్కొక్కరం ఒక్కో కథ రాసుకొని తెస్తే, బడి తెరిచేసరికి మొదటి తాడు నిండుతుంది.

జై సేవా.