తరగతి పరిమాణం, చదువు: అమీర్‌పేట బ్యాచ్‌ల నుంచి ప్రభుత్వ బడుల దాకా

తరగతిలో ఎంతమంది ఉంటే చదువు బాగా వస్తుందన్న చర్చలో హైదరాబాదులోని అమీర్‌పేట, పంజాగుట్ట పరిసరాల సాఫ్ట్‌వేర్ శిక్షణ కేంద్రాలను ఎదురు ఉదాహరణగా చూపుతుంటారు. ఒక్క హాల్లో వందలమంది కూర్చుని నేర్చుకుని ఉద్యోగాలు తెచ్చుకున్నారు కదా అన్నది వాదన. అందులో నిజం సగమే.

కంప్యూటర్లలో తేదీల లెక్క తప్పుతుందన్న వై2కె గండానికి ముందు కోబాల్, మెయిన్‌ఫ్రేమ్ వచ్చినవాళ్లకు అమెరికాలో గిరాకీ పెరగడంతో 1990ల చివర్లో ఈ కేంద్రాలు ఊపందుకున్నాయి. తర్వాత జావా, ఒరాకిల్, డాట్‌నెట్, టెస్టింగ్ వంతు వచ్చింది. మైత్రీవనం, ఆదిత్య ఎన్‌క్లేవ్ చుట్టుపక్కల ఫ్లెక్సీలన్నీ ఫ్రీ డెమో ప్రకటనలే. డెమో నచ్చితే ఫీజు కట్టేవారు, నచ్చకపోతే పక్క ఇన్‌స్టిట్యూట్ మెట్లెక్కేవారు. పేరున్న ఫ్యాకల్టీ బ్యాచ్‌లో మైకు లేనిదే వెనక వరసకు వినబడేది కాదు. అంతమంది చేరేవారు గనకే ఫీజు అందుబాటులో ఉండేది. ఆ గుంపులో చెయ్యెత్తి అడగలేని డౌట్లు రాత్రి హాస్టల్లో రూమ్మేట్ల మధ్య తీరేవి. వచ్చేవాళ్లు చాలావరకు డిగ్రీయో, ఇంజనీరింగో అయినవాళ్లు, అవసరం నెత్తిమీద ఉన్నవాళ్లు. మధ్యలో మానేసినవాళ్ల లెక్క ఫ్లెక్సీల మీదికి ఎక్కదు.

చిన్నపిల్లల సంగతి వేరు. అమెరికాలోని టెనెసీలో 1985–89 మధ్య జరిగిన స్టార్ ప్రయోగంలో 22–25 మంది తరగతులకన్నా 13–17 మంది తరగతుల పిల్లలు మెరుగ్గా చదివారు.

తెలుగునాట గట్టి ఆధారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే దొరికింది. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్‌ల అధ్యయనంలో భాగంగా 100 ప్రభుత్వ బడులకు అదనంగా ఒక్కో కాంట్రాక్టు టీచరును ఇచ్చారు; దాంతో ఒక్కో టీచరుకు పిల్లల సంఖ్య తగ్గింది. రెండేళ్లకు ఆ బడుల పిల్లలు, అదనపు టీచరు లేని బడుల పిల్లలకన్నా గణితంలో 0.16, తెలుగులో 0.15 ప్రామాణిక విచలనాల మేర ముందున్నారు. బడిలో కొత్తగా చేరిన పిల్లలకు, మారుమూల ఊళ్లకు మేలు ఎక్కువ. అయితే రెగ్యులర్ టీచర్లకన్నా కాంట్రాక్టు టీచర్లు బడి ఎగ్గొట్టడం కూడా తక్కువే. కాబట్టి ఫలితమంతా తలల లెక్కకే కట్టబెట్టడం తొందరపాటు.

2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ప్రాథమిక బడుల్లో 30 మందికి, ప్రాథమికోన్నత తరగతుల్లో 35 మందికి ఒక టీచరు ఉండాలంది. ప్రాథమిక బడిలో 60 మంది దాకా ఇద్దరు టీచర్లుంటే చట్టం ప్రకారం సరిపోయినట్టే. కానీ బడిలో తరగతులు ఐదు. ఒకే టీచరు రెండు మూడు తరగతులను ఒకే గదిలో కూర్చోబెట్టి, ఒకరికి లెక్కలిచ్చి మరొకరికి పాఠం చెప్పాల్సి వస్తుంది.