తిరుత్తణి దేవదాసీలు: గుడి సేవ నుంచి గురుస్థానానికి

తిరుత్తణి సుబ్రహ్మణ్యస్వామి ఆలయంలో ఇరవయ్యో శతాబ్ది నడిమి దాకా ఆటపాటలు పూజలో భాగంగా సాగాయి. స్వామికి కుంభహారతి ఇవ్వడం, పుష్పాంజలి సమర్పించడం, ఊయల సేవలో పాడడం దేవదాసీల విధులు. నేడు తిరువళ్లూరు జిల్లాలో ఉన్న తిరుత్తణి ఒకప్పుడు కార్వేటినగరం సంస్థానం కింద ఉండేది.

దేవుణ్ణి పెళ్లాడిన స్త్రీకి వైధవ్యం లేదు. ఆమె చదువుకునేది, ఆస్తి కూతురికి ఇవ్వగలిగేది. ఇంటి ఆడవాళ్లకు దక్కని హక్కులివి. కానీ ఆ జీవితాన్ని పసితనంలోనే పెద్దలు ఖాయం చేసేవారు. తర్వాత కాదనే వీలు ఉండేది కాదు.

సేవకు ప్రతిఫలం ఇనాం భూమి. సేవ మానితే భూమి పోతుంది, కాబట్టి ఇష్టం లేకపోయినా మానలేని పరిస్థితి. తల్లి దేవదాసీ కుటుంబానికి చెందిన డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి ఆడపిల్లలను గుడికి అంకితం చేయడాన్ని నిషేధించాలని 1927లో మద్రాసు శాసనమండలిలో కోరారు. 1929 చట్టంతో ఇనాం భూమికీ గుడి సేవకూ ముడి తెగింది. అసలు మార్పు ఇక్కడే వచ్చింది: కూడు పోతుందన్న భయం లేకుండా గుడి వదిలే దారి దొరికింది. బెంగళూరు నాగరత్నమ్మ వంటి కళావతులు మాత్రం నిషేధాన్ని వ్యతిరేకించారు. తమ కళకూ గౌరవానికీ ముప్పు వస్తుందన్న వారి ఆందోళన నిరాధారం కాదు. 1947 చట్టం అంకితాన్ని, ఆలయ నాట్యాన్ని రెంటినీ నిషేధించింది. ఆడపిల్లలకు స్వేచ్ఛ వచ్చింది, నేర్చిన విద్యకు వేదిక పోయింది.

ఆ తరానికి చెందిన పి. రంగనాయకి తిరుత్తణి ఆలయంలో సేవ చేసిన చివరి దేవదాసీల్లో ఒకరు. గుడి తలుపులు మూసుకున్నా పాటను, అభినయాన్ని ఆమె మరవలేదు. ఆ తర్వాతి కాలంలో డచ్చి పండితురాలు సస్కియా కెర్సెన్‌బూమ్ రంగనాయకి వద్ద శిష్యరికం చేసి, ఆ సేవాక్రమాన్ని నేర్చుకున్నారు. 1987లో వెలువడిన ఆమె ‘నిత్యసుమంగళి’ గ్రంథానికి రంగనాయకి చెప్పినది ఒక ముఖ్యాధారం. ఒకప్పుడు విధిగా చేసిన సేవను, ఎవరి ఆజ్ఞా లేని రోజుల్లో, తన విద్యగా తానే ఎంచి ఆమె మరొకరికి నేర్పారు.