పోర్ట్ లూయీ రంగస్థలము – 1822 నాటి ప్రారంభ ప్రదర్శనము

మారిషస్ ద్వీపమునకు రాజధానియైన పోర్ట్ లూయీ రేవుపట్టణమున 1822వ సంవత్సరము జూన్ 11వ తేదీన నూతన నాటకశాల యొకటి తెరువబడినది. ద్వీపము ఆంగ్లేయుల వశమై అప్పటికి పండ్రెండవ యేడు జరుగుచుండెను. గవర్నరు ఫార్క్వార్ ఆంగ్లేయుడు. అయినను ఆనాడు ప్రదర్శింపబడినది షార్ల్ కోలే రచించిన 'నాల్గవ హెన్రీ వేట' యను ఫ్రెంచి నాటకము. నటించినవారు వృత్తినటులు కారు. ద్వీపమునందే జన్మించిన ఔత్సాహికులు. పాలకుల భాష యొకటియు రంగస్థలభాష వేరొకటియు నగుట విచారింపదగిన విషయము.

ఫ్రెంచివారు 1715లో ఈ ద్వీపమును ఆక్రమించి 'ఇల్ ద ఫ్రాన్స్' అని పేరిడిరి. 1735లో గవర్నరుగా వచ్చిన లా బుర్దొనే పోర్ట్ లూయీని నౌకాశ్రయముగా తీర్చిదిద్దెను. 1746లో మదరాసును పట్టుకొన్న లా బుర్దొనే ఇతడే. 1810 డిసెంబరులో ద్వీపము లొంగిపోయినప్పుడు, నివాసులు తమ మతమును, శాసనములను, ఆచారములను నిలుపుకొనవచ్చునని ఒడంబడికలో వ్రాసికొనిరి. అందు భాషమాట లేదు. భాషయు ఆచారములలోనిదే యని ఫ్రెంచివారు గ్రహించిరి. ఈ వాదము నాటకశాలలో వాదింపకయే నెగ్గినది.

కంపెనీ తోటలో 1790 నాటి కొయ్య నాటకశాల యొకటి యుండెడిది. 1816లో అగ్నిప్రమాదము పట్టణమును చాలవరకు భస్మము చేసినది. 1818 తుపాను ఆ నాటకశాలను కూల్చినది. ఇన్ని కష్టముల నడుమ నాలుగేండ్లలోనే మరల రంగస్థలమును నిర్మించుకొన్నారనిన, నాటకము వారికి కేవలము కాలక్షేపము కాదని నా యభిప్రాయము.

నాటకము నెన్నుకొనుటలోని నేర్పు గమనింపదగినది. వేటలో దారితప్పిన రాజు తన్నెరిగింపక యొక పిండిమర యజమాని యింట భోజనము చేయును. ఆ కుటుంబము ఎదుటనున్నది రాజని తెలియకయే రాజును కీర్తించును. ఇదియే కథ. కోలే దీనిని ఓర్లియాన్ ప్రభువు గృహరంగస్థలమునకై వ్రాసెను. అనగా ఈ నాటకము పుట్టుకతోనే ఔత్సాహికులది. పదునైదవ లూయీ దీనిని బహిరంగముగా నాడనీయలేదు. అతని మరణానంతరము 1774లోగాని పారిసు ప్రధాన రంగస్థలమున కెక్కలేదు. నాల్గవ హెన్రీ బూర్బన్ వంశమున ప్రథమ ప్రభువు. 1822లో ఫ్రాన్సు సింహాసనమున నున్నది ఆ వంశమువాడే, ఆంగ్లేయులకు మిత్రుడు. కనుక ఆంగ్ల గవర్నరు ఆక్షేపింపజాలని ఫ్రెంచి దేశభక్తి యిది. నెపోలియను పేరెత్తు నాటకమైనచో కథ వేరుగ నుండెడిది.

అయితే ఈ ఔత్సాహికులెవరు? 'క్రియోల్' అను పదము నేటి అర్థమున తీసికొన్నచో పొరబాటు జరుగును. నేడది మారిషస్‌లో ముఖ్యముగా ఆఫ్రికా సంతతివారికి చెల్లుచున్నది. ఆనాడు ద్వీపమున పుట్టిన వారినెల్ల, విశేషించి తెల్లవారిని, అట్లనెడివారు. ఈ వర్గమువారే బానిసత్వ నిర్మూలన శాసనమును అమలుజరుప 1796లో ఫ్రాన్సు పంపిన బాకో, బుర్నెల్ అను ప్రతినిధులను ఓడనెక్కించి వెడలగొట్టిరి. ఫ్రెంచిభాషపై వారి మమకారము నిజమైనదే. ఫ్రెంచి విప్లవశాసనము తమ తోటలలో అడుగిడరాదను పట్టుదలయు నంత నిజమైనదే. రాజు సామాన్యునితో నొక్క బల్లకడ గూర్చుండి భుజించు కథను ఆడినవారి ద్వీపమున జనులలో అత్యధికులు ఆనాడు బానిసలు. బానిసత్వము 1835 ఫిబ్రవరి 1న గాని తొలగలేదు. ప్రదర్శనచరిత్రను వ్రాయువారు నాటకశాల గోడలతో ఆగిపోరాదనుట కింతకంటె తార్కాణ మేల?

న్యాయస్థానమున ఫ్రెంచి యింతకాలము నిలువలేదు. 1847 నుండి ఉన్నత న్యాయస్థానమున ఇంగ్లీషే వ్యవహారభాష యైనది. రంగస్థలమున మాత్రము ఫ్రెంచి నాటకములు, సంగీతరూపకములు తరతరములుగా సాగినవి. ఆ భవనము 2008లో మూతపడినది.

మనవారికిని ఈ రేవుతో సంబంధము గలదు. బానిసత్వము పోయిన పిదప చెరకుతోటలకు ఒప్పందపు కూలీలుగా గోదావరీతీరమునందలి కోరంగి రేవునుండి తెలుగువారు పోయిరి. అచట వారికి ఆ రేవు పేరుమీదనే 'కోరంగీలు' అను వ్యవహారమేర్పడెను. వారు నిత్యవ్యవహారమునకు నేర్చినది ఈ నాటకశాలలో వినవచ్చిన ఫ్రెంచి కాదు. బానిసల నోట పెరిగిన క్రియోల్ భాష.