పుట్టుమచ్చ నుంచి సెల్ఫీ దాకా: “నేను నేనే” అని రుజువు చేసుకున్న కథ

ఇవాళ్టి ఎపిసోడ్ నిజాంసాగర్ కట్ట మీద నుంచి మొదలుపెడదాం. మంజీరా నది మీద 1923లో పని మొదలై 1931లో పూర్తయిన ప్రాజెక్టు ఇది. గేట్లు ఎత్తితే సెల్ఫీల కోసం ఎంత జనం వస్తారో మీకు తెలుసు. ఇదే బాన్సువాడ చుట్టుపక్కల ఊళ్లలో ఇంకో రకం సెల్ఫీ గురించి కూడా మాట్లాడుకుంటారు. అది వీసా కోసం దిగేది. ఫోన్ ముందు మొహం పెట్టి “నేను నేనే” అని ఒక యాప్‌కి చెప్పుకోవాలి. ఈ ప్రశ్న మనల్ని ఎప్పటినుంచి అడుగుతున్నారు? అసలు ఎవరు అడిగారు?

ముందు మీ పదో తరగతి మెమో గుర్తు తెచ్చుకోండి. అందులో పుట్టుమచ్చలు రాయించుకునేవాళ్లు కదా? కుడి చేతి మీద ఒకటి, మెడ మీద ఒకటి అని. ఆ పద్ధతి చాలా పాతది. 1860లో మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ కూలీలతో దక్షిణాఫ్రికా వెళ్లింది. ఆ ఏడాది నవంబర్ 16న డర్బన్ చేరింది. తర్వాతి ఏళ్లలో అలా వెళ్లినవాళ్లలో మన తెలుగువాళ్లు వేలల్లో ఉన్నారు. ఓడ రిజిస్టర్లలో ప్రతి మనిషికీ ఒక నంబరు. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, ఒంటి మీద గుర్తులు. ఫోటో లేని కాలంలో మచ్చే పాస్‌పోర్టు.

అప్పటికి రెండేళ్ల ముందే, 1858లో, బెంగాల్‌లోని జంగీపూర్‌లో ఇంకోటి జరిగింది. విలియం హెర్షెల్ అనే ఇంగ్లీషు అధికారి, రోడ్డు పనికి సరుకు ఇచ్చే రాజ్యధర్ కోనాయ్ అనే కాంట్రాక్టర్ చేత కాగితం మీద అరచేతి ముద్ర వేయించాడు. రేపు “ఈ సంతకం నాది కాదు” అనకుండా! అక్కడి నుంచి వ్యవహారం వేళ్ల దాకా వచ్చింది. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో పెట్టారు. ముద్రలను వర్గాలుగా విడగొట్టే లెక్క వెనుక అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు మనవాళ్లు ఉన్నారు. పేరు మాత్రం పై అధికారి ఎడ్వర్డ్ హెన్రీకి దక్కింది. 1901లో ఆ పద్ధతి లండన్ పోలీసుల దగ్గరికి చేరింది.

ఇక్కడ కథ మలుపు తిరుగుతుంది. 1906లో దక్షిణాఫ్రికాలోని ట్రాన్స్‌వాల్‌లో ఒక చట్టం తెచ్చారు. భారతీయులంతా వేలిముద్రలు ఇచ్చి, రిజిస్ట్రేషన్ కాగితం జేబులో పెట్టుకుని తిరగాలి. ఆ ఏడాది సెప్టెంబర్ 11న జొహన్నెస్‌బర్గ్‌లో గాంధీ నాయకత్వంలో దీన్ని ఎదిరిస్తామని ప్రమాణం చేశారు. సత్యాగ్రహం పుట్టింది అక్కడే. తమాషా ఏంటంటే, 1908లో ఒప్పందం కుదిరాక గాంధీ తనంతట తానే ముద్రలు ఇచ్చారు. ప్రభుత్వం మాట తప్పిందని తేలాక, ఆగస్టు 16న వేలమంది తమ కాగితాలను తగలబెట్టారు. అంటే ఆయన గొడవ వేలితో కాదు. అడిగే తీరుతో. నన్ను దొంగలా చూసి బలవంతంగా అడుగుతున్నావా, నా ఇష్టంతో ఇమ్మంటున్నావా? ఈ ప్రశ్న గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ వస్తుంది.

ఇప్పుడు గల్ఫ్‌కి వద్దాం. 1983 ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం పది పాస్ కానివాళ్లు గల్ఫ్ లాంటి దేశాలకు పనికి పోవాలంటే ప్రత్యేక అనుమతి కావాలి. అందుకే మన దగ్గర పది మెమోకి అంత విలువ. 2001లో యూఏఈ తన సరిహద్దుల్లో కంటిపాప స్కానింగ్ పెట్టింది. ఒకసారి వెనక్కి పంపించిన మనిషి పేరు మార్చుకుని, కొత్త పాస్‌పోర్టుతో వస్తే కన్ను పట్టిచ్చేస్తుంది. కాగితం మారొచ్చు, కన్ను మారదు కదా.

ఇప్పుడు ఆ పని ఫోన్‌లోకి వచ్చింది. బ్రిటన్‌లో చదువు అయిపోయాక రెండేళ్లు ఉండేందుకు 2021లో గ్రాడ్యుయేట్ వీసా మొదలైంది. అక్కడున్న మన తెలుగు స్టూడెంట్లు దానికి ఇంట్లో కూర్చునే, యాప్‌లో తమ రెసిడెన్స్ కార్డు స్కాన్ చేసి అప్లై చేయగలిగారు.

లోపల ఏం జరుగుతుంది? చిప్ ఉన్న పాస్‌పోర్టునే తీసుకోండి. కెమెరా ముందు మొహం పేజీ కింద ఉన్న రెండు లైన్లు చదువుతుంది. అందులోని నంబరు, పుట్టిన తేదీ, గడువు తేదీ, ఈ మూడూ కలిసి చిప్‌కి తాళంచెవి. ఫోన్‌ని ఆనిస్తే చిప్‌లోని ఫోటో బయటికొస్తుంది. అది ప్రభుత్వం పెట్టిందేనా అని డిజిటల్ సంతకం చూస్తారు. తర్వాత సెల్ఫీ. కొన్ని యాప్‌లలో తెర రంగురంగులుగా మెరుస్తుంది. ఎదురుగా ఉన్నది బతికున్న మనిషా, ఫోటోనా అని తేల్చుకోడానికి. మన దేశం కూడా 2024లో చిప్ పాస్‌పోర్టులు ఇవ్వడం మొదలుపెట్టింది.

అయితే యంత్రం మొహాన్ని గుర్తుపట్టినా, పేరు దగ్గర ఆగిపోవచ్చు. 2022 నవంబర్‌లో యూఏఈ, పాస్‌పోర్టులో ఒకే పేరు ఉన్నవాళ్లను విజిట్ వీసా మీద రానివ్వమంది. ఇంటిపేరు ఒక దాంట్లో ముందు, ఇంకో దాంట్లో వెనక, మరో దాంట్లో ఒక్క అక్షరం. ఇది మన ఇళ్లలో మామూలే కదా? ఆధార్, మెమో, పాస్‌పోర్టు ఇవాళే పక్కపక్కన పెట్టి చూడండి. తేడా ఉంటే టికెట్ కొనకముందే సరిచేయించండి.

చివరిగా గాంధీ ప్రశ్న. ఓడ రిజిస్టర్ కూలీ చేతిలో లేదు. దొర చేతిలో ఉంది. గల్ఫ్‌లో పాస్‌పోర్టు లాక్కుని దాచుకునే యజమానుల కథలు మన ఊళ్లలో ఎన్ని విన్నాం! ఇప్పుడు మొదటిసారి ఆ రుజువు మన ఫోన్‌లో ఉంది. “తమ్మీ, ఫోన్ ఇటియ్యి, ఓటీపీ చెప్పు, నేను చేసిపెడతా” అని ఏజెంట్ అడిగితే, ఆ రిజిస్టర్‌ని మళ్లీ ఇంకొకరి చేతిలో పెట్టినట్టే. సాయం అడగండి, తప్పులేదు. పక్కన కూర్చోబెట్టుకుని, ప్రతి స్క్రీన్ మీరే చదివి, మీరే నొక్కండి. ఇంట్లో అమ్మానాన్నలకు రాకపోతే మీరు పక్కన కూర్చోండి.

మీ పాస్‌పోర్టులో ఇంటిపేరు ఎలా ఉందో కామెంట్లో చెప్పండి. నంబర్లు మాత్రం పెట్టకండి! మళ్లీ కలుద్దాం, ఉంటాను.