డ్రిల్లు మాస్టారు చదివిన బడి

మా హైస్కూల్లో చెడుగుడు ఆడుతూ ఎవడికైనా మడమ బెణికితే, చుట్టూ మూగినవాళ్లు ఆ కాలు పట్టుకుని లాగబోయేవారు. "వదలండ్రా!" అని డ్రిల్లు మాస్టారు దూరం నుంచే కేకేసేవారు. వచ్చి కూర్చుని చీలమండ చుట్టూ ఎముక మీద మెల్లగా నొక్కి చూసేవారు. ఎముక మీద నొప్పంటే ఆసుపత్రికి పంపేవారు. లేదంటే కుండనీళ్లలో తడిపిన గుడ్డ చుట్టి, కాలు ఎత్తుగా పెట్టించేవారు. ఆటలాడించే ఆయనకు ఎముకల సంగతి ఎలా తెలుసని ఇంట్లో అడిగాను. "మద్రాసు వైఎంసీఏలో చదివొచ్చాడ్రా" అన్నారు నాన్న.

ఆ కాలేజీని 1920లో హ్యారీ క్రో బక్ అనే అమెరికన్ పెట్టాడు. వ్యాయామ విద్యకు ఆసియాలోనే తొలి కళాశాలగా దానికి పేరు. అంతకుముందు మన బళ్లలో డ్రిల్లంటే పింఛను పుచ్చుకున్న సిపాయిలు చేయించే కవాతే. ఆటలు నేర్పడానికి కూడా ఒక చదువుంటుందని, అందులో శరీర నిర్మాణం, ఆరోగ్యం, ప్రథమ చికిత్స అన్నీ ఉండాలని బక్ పట్టుబట్టాడు. ఆయన చదివింది మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో, వైఎంసీఏ వారి బడిలో. 1891లో జేమ్స్ నైస్మిత్ పళ్లబుట్టలు వేలాడదీసి బాస్కెట్‌బాల్ మొదలుపెట్టింది అక్కడే. నాలుగేళ్ల తర్వాత పక్కనున్న హోలియోక్‌లో వాలీబాల్ కనిపెట్టిన విలియం మోర్గాన్ కూడా ఆ బడి విద్యార్థే. సంక్రాంతికి మన ఊళ్లలో కళ్లంలో రెండు గుంజలు పాతి కట్టే నెట్టుకు చుట్టరికం అంత దూరం పోతుంది.

అయితే బక్‌ను నేను ఎక్కువగా తలుచుకునేది మరో పనికి. తన దేశపు ఆటలు తెచ్చి ఊరుకోలేదాయన. చెడుగుడు, ఖోఖో వంటి మన ఆటల్నీ పాఠంలో చేర్చాడు. ఆటల నియమాలను పుస్తకంగా అచ్చు వేయించాడు. ఊరికో తీరుగా ఆడే ఆటకు గీతలు, కొలతలు, రెఫరీ వచ్చాక ఈ ఊరి జట్టు ఆ ఊరి జట్టుతో తగువు లేకుండా తలపడగలిగింది. 1924 పారిస్ ఒలింపిక్స్‌కు వెళ్లిన మన అథ్లెట్ల వెంట ఉన్నదీ ఆయనే.

కాలేజీ తర్వాత అడయారు ఒడ్డున సైదాపేట వైపు, ఇప్పుడు నందనం అనే చోటికి చేరింది. 1943లో బక్ కన్నుమూశాడు. ఆయన సమాధి ఆ ఆవరణలోనే ఉంది.

1953 దాకా కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాష్ట్రంలోవే. మన కుర్రాళ్లు రైలెక్కి అక్కడికి వెళ్లి, మెడలో విజిల్‌తో తిరిగొచ్చారు. సున్నంతో ట్రాకు గీసి, ఏటా స్కూలు పోటీలు నడిపి, ఏ సన్మానమూ లేకుండానే రిటైరైపోయారు చాలామంది. వాళ్ల పేర్లు ఒకచోట చేర్చాలని ఎంతోకాలంగా నా కోరిక. ఈ సంచిక అందుకున్నవారు మీ బడి మాస్టారి పేరు, ఆయన మద్రాసులో చదివిన ఏడు ఒక కార్డు మీద రాసి పంపితే చాలు. ఫొటో ఉంటే మరీ మంచిది. నేను మా మాస్టారితో మొదలుపెట్టాను.